పక్షవాతం వచ్చిన మూడో రోజు

(అమలాపురంలో విశ్రాంత ఉపాధ్యాయులు ఏర్పాటు చేసిన ఆదివారం సభలో, కాకినాడ నుంచి వచ్చిన ఒక నరాల వైద్యుడి ప్రసంగానికి అక్షర రూపం. ప్రశ్నల భాగాన్ని కొంత కుదించాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరస మాస్టార్లకు మైకు వినబడుతోందాండీ? ఆయ్, అయితే మొదలెడతాను.

మా వార్డు తలుపు దగ్గర తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. పేషెంటు కొడుకో, బావమరిదో అడుగుతారు, అనుమానం దాచుకోకుండానే. "సోమవారం తీసుకొచ్చినప్పుడు మాట్లాడుతున్నాడండీ. చెయ్యీ కాలూ పడిపోయాయి గానీ మమ్మల్ని గుర్తుపట్టాడు. బుధవారానికి పిలిస్తే పలకట్లేదు. ఇక్కడికొచ్చాక మీరేం చేశారు?" అలా అడిగినవాళ్ల మీద నాకు కోపం రాదు. వాళ్లు కళ్లారా చూసింది నిజమే. ఆ రెండు రోజుల్లో తల లోపల ఏం జరిగిందో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇవాళ నేను చెప్పబోయేది అదే.

పక్షవాతం రెండు రకాలండి. నాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం ఒకటి. నాళంలో గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోవడం రెండోది. రెండోదే ఎక్కువ. మనిషిని చూసి ఇది ఫలానా రకం అని చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు, సీటీ స్కాన్ తీయాల్సిందే. ఇవాళ్టి మాటలన్నీ గడ్డ రకం గురించి.

మెదడు బరువు మన ఒంటి బరువులో రెండు శాతం ఉంటుంది. ఒళ్లు మొత్తం వాడే ఆక్సిజన్‌లో మాత్రం ఐదో వంతు దానికే కావాలి. కండకు, కాలేయానికి ఉన్నట్టు దానికి నిల్వ సరుకు దాదాపు లేదు. ఏ పూటకాపూట రక్తం తెచ్చి పెడితేనే బతుకు. వంద గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతూ ఉంటుంది. అది 20 కిందకు దిగితే కణం పని మానేస్తుంది, చెయ్యి లేవదు, మాట రాదు. కానీ కణం ప్రాణంతోనే ఉంటుంది. 10 కిందకు పడిపోయిందా, కొద్ది నిమిషాల్లో చనిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య ఊగిసలాడే ప్రాంతం ఒకటుందని, అది తేరుకోగలదని 1981లో ఆస్ట్రప్, సైమన్, సీష్యో అనే ముగ్గురు స్పష్టంగా రాశారు. దానికి పినంబ్రా అని పేరు. ఇవాళ పక్షవాతానికి చేసే వైద్యమంతా ఆ ప్రాంతాన్ని దక్కించుకోవడం కోసమే.

మన డెల్టా వాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. కాలువ కట్టేశారనుకోండి. ఆ ఒక్క బోదె మీదే ఆధారపడ్డ మళ్లు ముందు పోతాయి. పక్క చేలోంచి ఊట దిగేవో, డ్రెయిన్‌లో ఇంజను పెట్టి తోడితే కాస్త తడి అందేవో ఉంటాయి చూడండి, అవి ఆకు ముడుచుకుని కొన్నాళ్లు నిలబడతాయి. గట్టు మీంచి చూస్తే రెండూ ఎండిపోయినట్టే కనబడతాయి. కర్ర విరిచి చూస్తే గానీ ఏది పచ్చిగా ఉందో తెలియదు. మెదడులో కూడా పక్క నాళాల నుంచి ఇలా చాటుమాటుగా రక్తం అందుతుంది. ఎవరికి ఎంత అందుతుందనేది మనిషికీ మనిషికీ తేడా. అందుకే ఒకే చోట గడ్డ అడ్డుపడినా ఒకాయన వారంలో నడిచి వెళతాడు, ఇంకొకాయన మంచం దిగడు. కాలువ మాట ఇక్కడితో ఆపేస్తానండి, లేకపోతే సభ నీటి సంఘం మీటింగ్ అయిపోతుంది. (నవ్వులు)

పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ డాక్టరు 2006లో లెక్క కట్టాడు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూసినా, ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ వచ్చినా, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లినా ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. రెండు గంటలంటే 22 కోట్ల పైచిలుకు.

ఇంతవరకు మీరు ఎక్కడో ఒకచోట విన్నదే. ఆ తర్వాతి కథ తక్కువమందికి తెలుసు.

కణం గుట్టుచప్పుడు కాకుండా చనిపోదండి. దాని లోపల ఉండాల్సిన సరుకు బయటపడుతుంది. శక్తి కోసం దాచుకున్న ఏటీపీ బయటికి కారుతుంది. హెచ్‌ఎంజీబీ-1 అని ఒక ప్రొటీన్ ఉంది. మామూలుగా అది కణం నడిబొడ్డున డీఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉంటుంది. అది కణాల మధ్య ఖాళీలో కనబడిందంటే ఎక్కడో కణం పగిలిందన్నమాట. ఈ సరుకు వాసన పట్టడానికి మెదడులో ప్రత్యేకమైన కణాలున్నాయి, మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ దేశంలో పియో డెల్ రియో హోర్తెగా అనే ఆయన వెండి లవణంతో రంగు పట్టించి వీటిని మిగతా కణాల నుంచి విడదీసి చూపించాడు. గొడవ లేనప్పుడు ఇవి ఊరికే పడుకుని ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడులోకి లేజర్ సూక్ష్మదర్శినితో చూశారు. చూస్తే ఇవి సన్నటి కొమ్మలు చాచుకుంటూ, ముడుచుకుంటూ చుట్టుపక్కల కణాల్ని నిరంతరం తడుముతూ ఉన్నాయి. ఒక్క క్షణం కుదురుగా లేవు.

రక్తం ఆగిన కొద్దిసేపటికే ఈ కొమ్మలు లోపలికి ముడుచుకుపోతాయి, కణం గుండ్రంగా ఉబ్బుతుంది, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదలడం మొదలెడుతుంది. వీటి పని చుట్టుపక్కల అందర్నీ లేపడం. లేచేవాటిలో ముఖ్యమైనది రక్తనాళపు లోపలి పొర. మామూలు రోజుల్లో ఆ పొర నున్నగా ఉంటుంది, రక్తంలోని తెల్ల కణాలు దాని పక్కనుంచి జారిపోతాయి. ఇప్పుడు దాని మీద పట్టుకునే ప్రొటీన్లు మొలుస్తాయి. సెలెక్టిన్లు అనేవి దారిన పోయే తెల్ల కణాన్ని నెమ్మది చేస్తాయి, ఐకామ్-1 అనేది గట్టిగా ఆపుతుంది. ఆగిన కణం నాళం గోడలోంచి దూరి మెదడులోకి దిగుతుంది.

ముందు వచ్చేవి న్యూట్రోఫిల్స్. కురుపు చితికితే కారే చీములో ఎక్కువ భాగం ఇవే. బాక్టీరియాను చంపడానికి పుట్టిన కణాలివి. వీటి దగ్గర ఉన్నవన్నీ అందుకు తగ్గ ఆయుధాలే, కణజాలాన్ని కోసే ఎంజైములు, కాల్చే రసాయనాలు. ఇక్కడ చూస్తే బాక్టీరియా లేదు, చంపడానికి శత్రువంటూ ఎవరూ లేరు. అయినా అవి తమకు వచ్చిన పనే చేస్తాయి. మొదటి కొన్ని గంటల్లోనే వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పోగవుతాయి. కొన్ని లోపలికి కూడా దిగవు, వెంట్రుకకన్నా సన్నటి నాళాల్లోనే ఇరుక్కుంటాయి. అందుకే ఒక్కోసారి పెద్ద నాళంలో గడ్డ తీసేసినా, స్కాన్‌లో దారి తెరుచుకున్నట్టు కనబడినా, కింద సన్న నాళాల్లోకి రక్తం దిగదు. ఈ విచిత్రాన్ని 1968లోనే జంతువుల్లో గమనించారు. ఇప్పుడు గడ్డలు లాగేసే వైద్యం వచ్చాక మళ్లీ దీని గురించి అందరూ మాట్లాడుతున్నారు.

వాపు సంగతికొస్తాను. మెదడు నాళాల గోడకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా ఒంట్లో నాళాల గోడల్లో సందులుంటాయి, నీరూ ప్రొటీనూ అటూ ఇటూ తిరుగుతాయి. మెదడులో ఆ సందులుండవు, కణాలు ఒకదానికొకటి బిగిసిపోయి ఉంటాయి. రక్తంలోంచి ఏది లోపలికి పోవాలో గోడే నిర్ణయిస్తుంది. న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైముల్లో ఎంఎంపీ-9 అనేది ఈ గోడను పట్టుకున్న పొరను తినేస్తుంది. గోడ లీకవుతుంది. రక్తంలోని నీరు, ప్రొటీన్లు మెదడు కణజాలంలోకి దిగుతాయి. మొదటి గంటల్లో వచ్చే వాపు వేరు, అది శక్తి లేక, ఉప్పును బయటికి తోడే పంపు ఆగిపోయిన కణం తనలోకి నీరు పీల్చుకోవడం వల్ల వస్తుంది. ఈ రెండో వాపు గోడ లీకు వల్ల వచ్చేది, నెమ్మదిగా పెరిగి మూడు నుంచి ఐదు రోజుల మధ్య గరిష్ఠానికి చేరుతుంది.

చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. పెద్ద నాళం పోయి మెదడులో ఒకవైపు చాలాభాగం దెబ్బతిన్నవాళ్లలో వాచిన వైపు మంచి వైపును నెడుతుంది, ఆ తర్వాత కిందనున్న మెదడు మూలాన్ని (బ్రెయిన్ స్టెమ్) నొక్కుతుంది. మనల్ని మెలకువగా ఉంచేదీ, ఊపిరి తీయించేదీ ఆ మూలమే. సోమవారం గుర్తుపట్టిన మనిషి బుధవారం పలకకపోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. ఇంకో మాట. ఈ వాపు ప్రమాదం వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువ. ముసలివాళ్ల మెదడు వయసుతో కాస్త కుదించుకుపోయి పుర్రెలో ఖాళీ ఉంటుంది. నలభై ఏళ్లవాడికి ఆ ఖాళీ లేదు. "కుర్రాడు కదండీ, తట్టుకుంటాడు" అని మనం అనుకునే చోటే లెక్క తిరగబడుతుంది. చిన్న నాళం మూసుకుపోయి చిన్న మచ్చ పడినవాళ్లకు ఇంత వాపు రాదు, వాళ్ల ఇంటివాళ్లు నా మాటలు విని బెంగపెట్టుకోవద్దు.

ఇక్కడ తెలివైన శ్రోత ఒక ప్రశ్న అడగాలి. ఈ తెల్ల కణాలే కదా చేటు చేస్తున్నాయి, వాటిని ఆపేసే మందు ఇవ్వొచ్చు కదా అని. పరిశోధకులకూ అదే తట్టింది. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. ఐకామ్-1ను మూసేసే యాంటీబాడీ ఒకటి తయారుచేసి 625 మంది పేషెంట్లలో పరీక్షించారు, ఫలితం 2001లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్ల పరిస్థితి తీసుకోనివాళ్లకన్నా అధ్వానం. ఎలుకల నుంచి తయారైన ఆ యాంటీబాడీ మనిషి ఒంట్లో తానే జ్వరాన్ని, ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఇందాకటి నుంచి చెబుతున్న ఈ తెల్ల కణాల మంటను, రేపింది. 2003లో న్యూట్రోఫిల్స్‌ను అడ్డుకునే ఇంకో మందు, 966 మంది. మంచీ లేదు, చెడూ లేదు. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే మందుతో బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. రక్తపరీక్షల్లో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు చక్కగా తగ్గాయి, మనిషి కోలుకోవడం మాత్రం మెరుగుపడలేదు.

ఎందుకిలా అంటే, నాకు నచ్చే సమాధానం ఒకటుంది. ఈ కణాలు చేసే పని రోజును బట్టి మారుతుంది. ఎలుకల్లో మైక్రోగ్లియాను ముందే తీసేసి పక్షవాతం తెప్పించి చూశారు. గాయం తగ్గుతుందనుకుంటే పెద్దదైంది. ఇందాక గోడను తినేస్తుందని తిట్టామే, ఆ ఎంఎంపీ-9, అలాంటి ఎంజైముల్ని మొదటిరోజు అడ్డుకుంటే జంతువుకు మేలు జరిగింది. ఏడో రోజున అడ్డుకుంటే కోలుకోవడం కుంటుపడింది, ఎందుకంటే అప్పటికి అవి గాయం అంచున కొత్త నాళాలు పుట్టడానికి దారి చేస్తున్నాయి. ఇది 2006 నాటి అధ్యయనం. దీన్ని చదివాక నా ఆలోచన చాలా మారింది. మూడు నాలుగు రోజులు గడిచేసరికి రక్తంలోంచి వచ్చే మోనోసైట్లు అనే ఇంకో రకం తెల్ల కణాలు పెద్ద కణాలై చచ్చిన సరుకును మింగి శుభ్రం చేస్తాయి. శుభ్రమైతే గానీ మరమ్మతు మొదలవదు. మైక్రోగ్లియా కూడా ఈ దశలో వృద్ధికారక ప్రొటీన్లు వదులుతాయి. నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు గాయం చుట్టూ మచ్చ కట్టి, లోపలి గొడవ బయటికి పాకకుండా ఆపుతాయి. కొట్టేదీ కట్టేదీ ఒకే కూలీ మనుషులైతే, గేటు మూసేస్తే రెండు పనులూ ఆగిపోతాయి.

స్టెరాయిడ్ల గురించి ఇక్కడే చెప్పాలి. మెదడులో పెరిగే కణితులకు, కొన్ని ఇన్‌ఫెక్షన్లకు వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తాం, పనిచేస్తుంది. అది చూసి పక్షవాతం వాపుకూ ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. గడ్డ వల్ల వచ్చే పక్షవాతం వాపుకు మామూలుగా స్టెరాయిడ్ ఇవ్వమని ఏ మార్గదర్శకమూ చెప్పదు. మేలు రుజువు కాలేదు. షుగరు పెరగడం, ఇన్‌ఫెక్షన్లు రావడం మాత్రం ఖాయంగా కనబడతాయి.

మెదడులో ఇంత మంట రేగుతుంటే మిగతా ఒంట్లో ఏమవుతుందో తెలుసాండీ? రోగనిరోధక శక్తి పడిపోతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, మెదడు దెబ్బతిన్నప్పుడు ఒత్తిడి నాడులు, అడ్రినల్ హార్మోన్లు ఒక్కసారిగా ఎగసి, రక్తంలో లింఫోసైట్లు అనే తెల్ల కణాలను తగ్గించేస్తాయి. ఎలుకల్లోనైతే ప్లీహమే కుంచించుకుపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనిషికి మింగుడు సరిగా పడదు. నోట్లో పోసింది ఆహారనాళంలోకి వెళ్లకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. న్యూమోనియా వస్తుంది. న్యూమోనియా జ్వరం తెస్తుంది. జ్వరం మెదడులో ఇన్‌ఫ్లమేషన్‌ను ఎగదోస్తుంది. ముందే అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేస్తే సరిపోతుందేమోనని 2015లో రెండు పెద్ద అధ్యయనాలు చూశాయి. ఉపయోగం కనబడలేదు.

మరి ఏది పనిచేసింది? రెండే రెండున్నాయి, నా దృష్టిలో.

ఒకటి, దారి తెరవడం. 1995లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే మేలని తేలింది, 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. 2015లో పెద్ద నాళంలోని గడ్డను తొడ దగ్గరి నాళంలోంచి గొట్టం పంపి లాగేసే పద్ధతి నిలబడింది. 2018లో, స్కాన్‌లో ఇంకా దక్కే భాగం ఉందని తేలినవాళ్లకు 24 గంటల దాకా కూడా చేయొచ్చని తెలిసింది. ఎంత తొందరగా తెరిస్తే అంత తక్కువ కణాలు చస్తాయి, చచ్చినవి తక్కువైతే పిలుపు అందుకుని వచ్చే న్యూట్రోఫిల్స్ తక్కువ. ఇన్‌ఫ్లమేషన్‌కు ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు. ఆలస్యంగా తెరిస్తే ఇంకో చిక్కు ఉంది. ఆక్సిజన్ లేక కుంగిన కణజాలంలోకి ఒక్కసారిగా రక్తం వస్తే కాల్చే రసాయనాలు మరింత పుడతాయి, పాడైన గోడలోంచి రక్తం కూడా కారవచ్చు. అందుకే గడువు దాటాక, స్కాన్ ఒప్పుకుంటే తప్ప, ఇంజెక్షన్ ఇమ్మని బతిమాలినా డాక్టరు ఒప్పుకోడు.

రెండోది వినడానికి మరీ చప్పగా ఉంటుంది. 2011లో ఆస్ట్రేలియాలో 19 ఆసుపత్రుల్లోని స్ట్రోక్ వార్డుల్లో చేశారు. కొత్త మందు లేదు, యంత్రం లేదు. సగం వార్డుల్లో నర్సులకు మూడు పనులు పక్కాగా నేర్పారు. మొదటి 72 గంటలు జ్వరం కొలవాలి, 37.5 డిగ్రీలు, అంటే మన లెక్కలో 99.5, దాటితే పారాసిటమాల్ ఇవ్వాలి. షుగరు చూడాలి, పెరిగితే ఇన్సులిన్‌తో దించాలి. మింగుడు పరీక్షించకుండా నోట్లో ఏమీ పెట్టకూడదు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలుగా చూసిన వార్డుల్లో 58 శాతం మంది చనిపోవడమో, ఇతరుల మీద ఆధారపడటమో జరిగింది. ఈ మూడు పనులు చేసిన వార్డుల్లో 42 శాతం. కోట్లు పోసి తయారుచేసిన యాంటీబాడీలు సాధించలేనిది థర్మామీటరు సాధించింది. నేను మా జూనియర్లకు ఈ అధ్యయనం చెబితే మొహాలు వేలాడేస్తారు, వాళ్లకు యాంటీబాడీల కథే బాగుంటుంది.

మన లంకల్లో, మన ఊళ్లలో జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. మనిషి కూలబడగానే ముందు నోట్లో ఏదో ఒకటి పోస్తాం. సోడా, నిమ్మరసం, కొబ్బరినీళ్లు, ఉన్నవాళ్లు బ్రాందీ. ఏమీ పోయకండి. మంచినీళ్లు కూడా వద్దు. బీపీ మాత్ర కూడా వద్దు. తర్వాత ఆర్‌ఎంపీ గారు వస్తారు, నీరసంగా ఉన్నాడని గ్లూకోజు బాటిల్ పెడతారు. ఆక్సిజన్ అందని మెదడుకు చక్కెర పోస్తే ఆమ్లం పెరుగుతుంది, గాయం పెరుగుతుంది. చక్కెర పడిపోయినవాళ్లకు తప్ప గ్లూకోజు వద్దు. వేలు గుచ్చి చూస్తే నిమిషంలో తెలుస్తుంది, చూడండి, చూశాకే ఏదైనా. బీపీ 200 కనబడిందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేస్తారు. పక్క నాళాల్లోంచి అందే ఆ కాస్త రక్తాన్ని తోస్తున్నది ఆ ఒత్తిడేనండి. ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే 185/110 కిందకు తెస్తాం, లేకపోతే 220/120 దాటితే తప్ప మొదటిరోజు మేమే దాని జోలికి పోం. ఆర్‌ఎంపీలను తిట్టడానికి చెప్పట్లేదు. రాత్రి రెండింటికి ఏటిగట్టు మీద తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే. అందుకే వాళ్లకు ముందు తెలియాలి. వచ్చినాయన చేయాల్సింది, పేషెంటు ఆఖరిసారి బాగున్నట్టు చూసిన టైము కాగితం మీద రాసి, 108కు ఫోను చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికి ముందే కబురు పంపడం.

పసరు కట్లు, పావురం రక్తం రాయడం సంగతి ఎక్కువ మాట్లాడను. వాటి కోసం పోయే ఒక పూట ఉంది చూడండి, నా బాధల్లా ఆ పూట గురించే.

ఇక అడగండి.

ప్రశ్న (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): తల ఎముక తీసి పొట్టలో పెడతారంటారు. మా వేలువిడిచిన బావగారికి అలా చేశారు. అవసరమా డాక్టరు గారూ?

వాపు గురించి చెప్పాను కదా మాస్టారూ. పుర్రె సాగదు కాబట్టి, ఒకవైపు పెద్ద ముక్క తీసి వాచిన మెదడుకు బయటికి దారి ఇస్తాం. ఆ ఎముకను పొట్ట చర్మం కింద దాచి, వాపు తగ్గాక మళ్లీ పెడతాం. యూరప్‌లో చేసిన మూడు అధ్యయనాలను 2007లో కలిపి చూశారు, అరవై ఏళ్లలోపు వాళ్లు, 48 గంటల్లోపు ఆపరేషన్. చేసినవాళ్లలో 78 శాతం ఏడాది తర్వాత బతికున్నారు, చేయనివాళ్లలో 29 శాతం. అయితే దాచకుండా చెప్పాలి, బతికినవాళ్లలో చాలామందికి వైకల్యం మిగులుతుంది. ఆపరేషన్ ప్రాణాన్ని ఆపుతుంది, పోయిన చేతిని తేదు. ఆ సంగతి ఇంటివాళ్లకు సంతకానికి ముందు చెప్పాలి.

ప్రశ్న (రొయ్యల చెరువుల రైతు): రాత్రి ఏరియేటర్లు చూసుకుని పడుకుంటే, పొద్దున లేచేసరికి చెయ్యి లేవలేదనుకోండి. ఏ టైముకు వచ్చిందో తెలియదు. అప్పుడు ఇంజెక్షన్ గడువు పోయినట్టేనా?

బాగా అడిగారండి. లెక్క ప్రకారం పడుకున్న టైమే వచ్చిన టైము. మీరు పదింటికి పడుకుని ఆరింటికి లేస్తే గడువు దాటినట్టే. కానీ ఎమ్మారైలో రెండు రకాల బొమ్మలు తీసి పోల్చితే, గాయం తాజాదా పాతదా కొంత అంచనాకు అందుతుంది. దాన్నిబట్టి కొందరికి ఇవ్వొచ్చని 2018లో రుజువైంది. గడ్డ లాగే పద్ధతీ ఉంది. కాబట్టి "టైము అయిపోయిందిలే, తెల్లారాక నెమ్మదిగా వెళ్దాం" అనుకోకండి. అయిపోయిందో లేదో స్కాన్ చెప్పాలి.

ప్రశ్న (ఒక అంగన్‌వాడీ కార్యకర్త): వాపు తగ్గాక ఎక్సర్‌సైజులు ఎప్పుడు మొదలెట్టాలి సార్? మా ఊళ్లో కొందరు మర్నాడే నడిపించేస్తున్నారు, కొందరు నెల రోజులు మంచం దింపట్లేదు.

రెండూ తప్పేనమ్మా. మొదటి 24 గంటల్లోనే మంచం దింపి ఎక్కువసేపు, ఎక్కువసార్లు నడిపిస్తే మేలేమో అని 2,104 మందిలో చూశారు, 2015లో ఫలితం వచ్చింది. అలా చేసినవాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు 46 శాతం, మామూలుగా చూసినవాళ్లలో 50 శాతం. తొందరపెడితే కొంచెం నష్టమే. అలాగని నెల రోజులు పడుకోబెడితే కండ కరిగిపోతుంది, వీపు మీద పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. పెద్ద పక్షవాతమైతే మొదటిరోజు పక్కలు మార్చడం, కీళ్లు కదపడంతో సరిపెట్టి, డాక్టరు చెప్పాక కూర్చోబెట్టడం, నిలబెట్టడం. కొద్దిసేపు, రోజుకు చాలాసార్లు.

ప్రశ్న (అదే కార్యకర్త): నూనె మర్దనా చేయొచ్చా?

చేయండి, అడ్డేం లేదు. పడిపోయిన చేతిని మాత్రం లాగొద్దు. మన వాళ్లు మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యే పట్టుకుని లాగుతారు. పట్టు తప్పిన కండ భుజాన్ని నిలబెట్టలేదు, కీలు జారిపోతుంది, తర్వాత ఆరు నెలలు ఆ నొప్పితోనే ఎక్సర్‌సైజు మానేస్తారు. లేపేటప్పుడు నడుం దగ్గర పంచె ముడో, బెల్టో పట్టుకుని లేపండి. పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి.